రాగి బిందె నీళ్ళు

గొడవ చాయ్ జాలి దగ్గర మొదలైంది.

వంటింట్లో మేకుకు రెండు జాలీలు వేలాడుతుంటాయి. ఒకటి చాయ్ వడగట్టడానికి. రెండోది అక్వేరియంలో రొయ్యల్ని తీయడానికి. తేడా తెలియాలని వనిత రెండోదాని పిడికి ఎర్ర దారం చుట్టింది. బుధవారం పొద్దున ఆమె స్నానం చేసి వచ్చేలోగా స్వామి తనే చాయ్ పెట్టుకున్నాడు. చేతికి దొరికిన జాలితో వడగట్టుకుని, రెండు గుక్కలు తాగి, మూడో గుక్క దగ్గర మొహం చిట్లించాడు.

చాయ్ చెరువు వాసన వస్తోందన్నాడు. వనిత తల తుడుచుకుంటూ వచ్చి జాలి చూసి, పిడికి దారం కనబడలేదా అని అడిగింది.

"పొద్దుందాక దారాలే చూస్త," అన్నాడు స్వామి. "చాయ్ తాగేటప్పుడు గూడ దారమే చూడాల్నా?"

"పొద్దుందాక చూసెటోనికి ఇంత లావు దారం కనవడకపోవుడే నాకు నవ్వొస్తుంది."

మాటకు మాట పెరిగింది. ఆ జాలి పారేయాలన్నాడు, అసలు వంటింట్లో నీళ్ళపురుగులకు జాగా ఏమిటన్నాడు. తోటకూర తెంపుతున్న అత్తగారు ఓదెమ్మ, నాలుగు చుక్కలు పాసి తాగితే ఏమీ కాదని, చిన్నప్పుడు చెరువులో ఈదుతూ తాము ఎంత తాగలేదని కొడుకును ఊరడించింది. ఆ పాసి అన్న మాట స్వామికి అందివచ్చింది.

"ఇంట్ల పాసిపని చేసె మనిషి ఒకామె ఉండనే ఉండె," అన్నాడు. "ఆమె మళ్ళ నీళ్ళల్ల పాసిపనికి నలభై మందిని పెట్టుకున్నది. ఇంకేంది, దొరసాని."

వాళ్ళ మాటలో నీళ్ళలో పచ్చగా పేరుకునేదీ పాసే, పొద్దున లేచి ఊడ్చి తుడిచి అంట్లు తోమేదీ పాసిపనే. ఓదెమ్మ నవ్వింది. బడి సంచి సర్దుకుంటున్న కూతురు సాక్షి, "పప్పా, ఏకదమ్ భారీ," అని మెచ్చుకుంటూ చేయి కలిపింది. వనిత కూడా నవ్వింది. తర్వాత ఆ జాలిని వేడినీళ్ళలో వేసి తోముతున్నప్పుడు, తానెందుకు నవ్విందో ఆమెకే అర్థం కాలేదు.

ఆ అక్వేరియం మూడేళ్ళ కింద సాక్షి ఏడ్చి తెప్పించుకున్నది. రెండు నెలలు చేపలకు పేర్లు పెట్టి పిలిచింది, ఆ తర్వాత మరిచిపోయింది. అద్దాలు పచ్చబడి లోపల ఏముందో కనబడకుండా పోయింది. స్వామి తీసేద్దామన్నాడు. పాచి తినే రొయ్యలు ఉంటాయని వనిత ఎక్కడో చదివి, కుర్లా బజారుకు పోయి పది తెచ్చింది. ఎనిమిది ఎర్రవి, చిటికెన వేలి గోరంత. రెండు గాజు ముక్కల్లా ఉండేవి. వాటి ఒంట్లో తిన్నది ఎక్కడిదాకా వచ్చిందో బయటికి కనబడేది. నెల తిరిగేసరికి ట్యాంకు వెనక గోడకు తగిలించిన క్యాలెండరులో తేదీలు చదవడానికి వీలైంది.

వనిత సిరిసిల్లలో బి.ఎస్సీ. చదివింది. జువాలజీ ప్రాక్టికల్సులో రొయ్యను తెచ్చి దాని పందొమ్మిది జతల అవయవాలూ ఒక్కొక్కటిగా ఊడదీసి, అట్ట మీద వరసగా అంటించి, కింద పేర్లు రాసేవాళ్ళు. ఒక్క మీసం కూడా విరగకుండా అంటించింది తానొక్కతే. పెళ్ళయి భివండీ పద్మనగర్ వచ్చిన పదహారేళ్ళలో ఆ చదువు సంగతి ఎవరూ అడిగింది లేదు. ఇప్పుడు అవే కాళ్ళు ప్రాణంతో పనిచేయడం చూసింది. ముందు చేతులతో పాచిని గోకి నోట్లో పెట్టుకునేవి. గుడ్లు మోసే ఆడ రొయ్య కడుపు కింది కాళ్ళతో వాటికి పొద్దంతా నీళ్ళు విసిరేది. అది చూస్తూ నిలబడి పొయ్యి మీది పాలు పొంగబెట్టిన రోజులున్నాయి.

ఇంటి కింద షెడ్డులో పన్నెండు సాంచాలు. మరమగ్గాన్ని వాళ్ళు సాంచ అంటారు. అవి నడిచినంతసేపూ పైన నేల సన్నగా అదురుతుంది, గాలిలో నూలు పీచు తేలుతుంది. వనిత ట్యాంకు కింద డ్యామేజీ బట్టను ఎనిమిది మడతలు వేసి పరిచింది. పీచు పడకుండా పైన పలచటి గుడ్డ కప్పింది. నల్లా నీళ్ళను బకెట్లో ఒక రోజంతా ఉంచి, మందు వాసన పోయాకే పోసేది. గుడ్లు పిల్లలయ్యాయి. నువ్వు గింజంత పిల్లకు కూడా అన్ని కాళ్ళూ, రెండు మీసాలూ. పది కాస్తా నలభై దాటాయి.

తినేవాటిని పెంచుకోవడమేమిటని మొదట్లో ముక్కు విరిచిన ఓదెమ్మే, ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తిన్నాక పీట వేసుకుని అద్దం ముందు కూర్చునేది. ఒకసారి రొయ్య విడిచిన పొట్టును చూసి, చచ్చిపోయిందని లబలబలాడింది. పాము కుబుసం విడిచినట్టు ఇవి పొట్టు విడుస్తాయని వనిత చెబితే, తన మోకాళ్ళు నిమురుకుంటూ, "ఇయ్యి గూడ గట్ల ఇడిసిపెట్టి కొత్తయి తొడుక్కునేటట్టుంటె మంచిగుండు బిడ్డా," అంది.

రొయ్యకు రాగి విషం. వనిత ఇంట్లో అందరికీ చెప్పి పెట్టిన జాగ్రత్త అదొక్కటే. నీళ్ళలో చేపకు ఏమీ చేయనంత రాగి ఉన్నా రొయ్య బతకదు, నత్త బతకదు. ఓదెమ్మ ఆ మాట విన్నదో లేదో, స్వామి మాత్రం బాగా విన్నాడు. కిందటేడు మోటారు చుట్టించగా మిగిలిన రాగి తీగ పట్టుకుని, ట్యాంకు మీది గుడ్డను బిగిస్తానని వచ్చాడు. వనిత చేయి పట్టుకుని ఆపి కారణం చెప్పింది. పడి పడి నవ్వాడు. వారం రోజులు షెడ్డులో, గల్లీలో అదే ముచ్చట. మా ఇంట్లో రొయ్యలున్నాయి, మీరు దేనితో వచ్చినా సరే, రాగి చెంబుతో మాత్రం రావద్దు, చూస్తేనే ప్రాణాలు విడుస్తాయి అని.

అట్లాంటి ట్యాంకు మీద ఇప్పుడు వనిత ఒక ఆశ పెట్టుకుంది.

కాల్హేర్‌లో ఒక గోదాము ఉంది. అక్వేరియం సామాను ఫోన్ల మీద ఆర్డర్లు తీసుకుని పంపుతారు. పై అంతస్తులో ప్రాణమున్న చేపలు, రొయ్యలు. ఆ గదిని చూసుకునే రూపాలి అనే మరాఠీ ఆమె, రొయ్యలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వనిత పెట్టిన ఫోటోలు చూసి, భివండీ నీళ్ళలో ఇవి పిల్లలెట్లా పెట్టాయని అడిగింది. అట్లా పరిచయం. తమ దగ్గర వచ్చినవి వచ్చినట్టు చస్తున్నాయని, చూసుకోవడానికి తెలిసిన మనిషి కావాలని చెప్పింది. శుక్రవారం వచ్చి గది చూడమంది. ఆదివారం సాయంత్రం తన సేఠ్‌ను తీసుకుని వచ్చి వనిత ట్యాంకు చూపిస్తానంది. సర్టిఫికెట్లు అక్కర్లేదు, ఆ ట్యాంకు చూస్తే చాలంది.

స్వామి అవునూ అనలేదు, కాదూ అనలేదు. పన్నెండు సాంచాల్లో ఆరు ఆగిపోయి ఏడాది కావస్తోంది. "సగం బంద్ పడ్డయని గల్లీకంత ఎరుకే," అన్నాడు ఒకసారి. "ఇగ పెండ్లాం గోదాముకు పోతుందంటె మిగిలిన సగం గూడ బంద్ పడ్డట్టే లెక్క." తర్వాత, చూద్దాంలే అన్నాడు. ఆ చూద్దాంలేను వనిత సగం ఒప్పుకోలు అనుకుంది.

శుక్రవారం సాంచాలకు సెలవు. ఆ రోజు వాళ్ళ గల్లీకి నల్లా కూడా రాదు. వనిత పొద్దున్నే ట్యాంకులో మూడో వంతు నీళ్ళు పైపుతో తీసేసి, ముందురోజు పట్టి ఉంచిన బకెట్ కోసం చూస్తే ఖాళీగా ఉంది. ఆ నీళ్ళతో సాక్షి తల స్నానం చేసింది. అంతలో రూపాలి ఫోన్, పదకొండుకల్లా రమ్మని. నీళ్ళు తగ్గినంత మాత్రాన రొయ్యలకు ఏమీ కాదు కాబట్టి వనిత ట్యాంకును అట్లాగే వదిలేసింది. ఓదెమ్మ మార్కండేయ గుడికి పోయి ఉంది. స్వామి మంచం మీద ఫోన్ చూసుకుంటున్నాడు.

"ట్యాంకుల నీళ్ళు తక్కువున్నయి, గట్లనే ఉండనీ," అంది వనిత చెప్పులేసుకుంటూ. "ఎవ్వరూ ఏ నీళ్ళూ పొయ్యద్దు. అత్తమ్మ వస్తె చెప్పు."

స్వామి ఊఁ అన్నాడు.

కాల్హేర్ గదిలో నలభై ట్యాంకులు. ఒక్కో మూల ఒక్కో మగ్గులో చచ్చిన రొయ్యలు. వనిత ఒక గంట అన్నీ తిరిగి చూసింది. తిండి తినేదానికి రెండింతలు వేస్తున్నారని, ఒకే జాలిని అన్ని ట్యాంకుల్లోనూ ముంచుతున్నారని, కొత్తగా వచ్చినవాటిని వచ్చిన గంటలోనే పాతవాటిలో కలుపుతున్నారని చెప్పింది. రూపాలి అదంతా ఫోన్‌లో రాసుకుంది. ఎవరో తన మాట రాసుకుంటుంటే నిలబడడం వనితకు కొత్త. షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని వస్తూ కూడా అదే గుర్తు చేసుకుంది.

ఇల్లు చేరేసరికి నాలుగు. సాంచాలు లేక ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఓదెమ్మ పీట మీద అద్దం ముందు కూర్చుని ఉంది. కోడలిని చూడగానే మొహం విప్పారింది.

"నువ్వు చూడకపోతివి," అంది. "నీళ్ళు పోసినంక మస్తు ఆడినయి. అద్దం పొంటి పైకి కిందికి ఉరుకుడే ఉరుకుడు. ఆడి ఆడి అలిసి ఇప్పుడు పండుకున్నయి."

వనిత సంచి భుజానికి ఉండగానే వంగి చూసింది. ట్యాంకు నిండుగా ఉంది. రొయ్యలు అడుగున పక్కకు ఒరిగి ఉన్నాయి. కొన్నిటికి కాళ్ళు ఇంకా సన్నగా వణుకుతున్నాయి. ఎరుపు విరిగి ఉడకబెట్టినట్టు తెల్లబడుతోంది. గుడ్ల తల్లి వెల్లకిలా పడి ఉంది. ఎప్పుడూ అద్దానికి అంటుకుని ఉండే నత్తలు మూతలు బిగించుకుని రాలిపోయాయి. సాక్షివి మిగిలిన రెండు చేపలు మాత్రం, తిండి వేస్తారేమోనని అద్దం దగ్గరికొచ్చి తోకలాడిస్తున్నాయి.

చేపలు బతికి నత్తలు చచ్చాయంటే అడిగేదేమీ లేదు. అయినా దేవుడి గూటి వైపు చూసింది. శుక్రవారం కోసమని నిన్న సాయంత్రం చింతపండు పెట్టి తోమిన రాగి బిందె, కొత్తదానిలా మెరుస్తూ బోర్లించి ఉంది.

"ఏ నీళ్ళు పోసినవ్ అత్తమ్మా?"

"మంచియే పోసిన బిడ్డా. రాత్రంత దేవుని కాడ ఉన్న బిందె నీళ్ళు. నల్ల రాకపాయె, నీళ్ళు తగ్గి పాపం మూలకు ముడుసుకొని ఉండె. నేను తాగకపోతె ఏమాయె అనుకొని బిందెకు బిందె కుమ్మరిచ్చిన." కోడలు బిందె వైపే చూస్తుంటే ఓదెమ్మకు అనుమానం వచ్చింది. "ఊరికెనే పొయ్యలే. స్వామిని అడిగినంకనే పోసిన. గీ నీళ్ళు పోస్తె అయితదా కొడుకా అంటె, పొయ్యి, ఏమైతది అన్నడు."

వనిత కదులుతున్న ఏడింటిని ఏరి, తాగే నీళ్ళ క్యాన్‌లోంచి స్టీలు గిన్నెలోకి నీళ్ళు వంచి అందులో వేసింది. గంటలో అవి కూడా ఆగిపోయాయి. ఏమైందని ఓదెమ్మ నాలుగుసార్లు అడిగింది. జబ్బు చేసిందని చెప్పింది వనిత. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇంట్లో అన్నిటికన్నా మంచివనుకున్న నీళ్ళు, తన నోటికాడివి, తీసి పోసింది. ఆమెకు చెప్పి చేసేదేముంది?

స్వామి కింద షెడ్డులో సాంచాలకు నూనె వేస్తున్నాడు. వనిత మెట్లు దిగి పోయి, ఆగిపోయిన సాంచ పక్కన నిలబడింది.

"అత్తమ్మ నీళ్ళు పోస్తుంటె నువ్వు ఆడనే ఉన్నవట గద."

"ఉన్న. అయితేంది?"

"రాగి సంగతి నీకెరుకే."

"ఎవనికి యాదుంటది వనితా? నూరు పనులు నాయి."

"యాదుంటది," అంది వనిత. "వారం దినాలు ఊరంత చెప్పి నవ్వినవ్ నువ్వు."

స్వామి నూనె డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. ఇరుసు మీద ఇంకో రెండు చుక్కలు వేశాడు, అక్కడ అప్పటికే నూనె కారుతున్నా. రొయ్యలే కదా, పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, కుర్లా ఎక్కడికి పోతుంది అన్నాడు. అంటూనే, తల ఎత్తకుండా ఇంకో మాట అన్నాడు.

"ఆదివారం ఆమెకు రావద్దని ఫోన్ చెయ్యి. వచ్చి చూసెతందుకు ఏం లేదు గద."

ఆ మాట అప్పటికప్పుడు పుట్టింది కాదు. పొద్దున ఊఁ అన్నప్పటి నుంచి అతని నాలుక కిందే ఉన్నట్టుంది. అరిస్తే వినడానికి ఆ రోజు సాంచాల మోత కూడా అడ్డం లేదు, పైన ఓదెమ్మకు ప్రతి అక్షరం వినబడుతుంది. వనిత మెట్లెక్కి పైకి వచ్చి అన్నం వండింది.

శనివారం ట్యాంకు ఖాళీ చేసింది. చేపలను సాక్షి తన స్నేహితురాలికి ఇచ్చేసింది. చచ్చినవాటిని కాగితం మీద వేసి, కట్టే ముందు ఒకసారి చూసింది. యాభై మూడు. బతికి ఉన్నప్పుడు ఏ రోజూ లెక్క కుదరలేదు. నత్తలతో కలిపి పొట్లం కట్టింది. ఇసుకను నాలుగు నీళ్ళు కడిగి ఎండలో పరిచింది. ఆరు నెలల క్రితం పోయిందనుకున్న సాక్షి చెవి దిద్దు ఒకటి అందులో దొరికింది.

తర్వాత రూపాలికి ఫోన్ చేసింది. రొయ్యలన్నీ పోయాయని, ఆదివారం రావద్దని చెప్పింది. ఎట్లా పోయాయని అడిగింది రూపాలి. రాగి అని చెప్పింది వనిత. ఎట్లా తెలుసు అని అడిగింది. చేపలు బతికాయి, నత్తలు పోయాయి, చచ్చేముందు పైకి కిందికి ఉరికాయి అని చెప్పింది.

రూపాలి హిందీలో అన్నదాని సారం ఇది: మా దగ్గర మూడు నెలల నుంచి చస్తూనే ఉన్నాయి, ఎందుకో చెప్పినవాడు ఒక్కడు లేడు. నీ ట్యాంకు చూడనక్కర్లేదు, సేఠ్‌తో నేను మాట్లాడుకుంటాను. సోమవారం వచ్చెయ్.

ఫోన్ పెట్టేశాక వనితకు సంతోషం రావాల్సింది. రాలేదు. ఓదెమ్మ అడగడం, స్వామి ఫోన్‌లోంచి తల ఎత్తడం, రాగి బిందెను చూడడం, పొయ్యి అనడం, ఆ నాలుగూ వరసగా అట్ట మీద అంటించినట్టు కళ్ళముందు నిలబడ్డాయి. కోపంలో చేశాడంటే అదొక తీరు. కోపం లేకుండా, మంచం మీద పడుకుని, తన చేయి తడవకుండా తల్లి చేత చేయించాడు. పదహారేళ్ళుగా ఆ మనిషి షర్టు కాలరు ఎక్కడ మాసిందో చూసి రుద్దింది. ఈ మరక ఎన్నడూ కనబడలేదు.

ఆదివారం స్వామి ఎవరూ చెప్పకముందే పోయి మటన్ తెచ్చాడు. ఉల్లిగడ్డలు తనే కోసిచ్చాడు. మధ్యాహ్నం అందరూ కింద చాప మీద కూర్చున్నారు. మామ రాజలింగం గోడకు ఆనుకుని, పక్కన సాక్షి, ఎదురుగా స్వామి, ఓదెమ్మ. నలభై ఏళ్ళు సాంచాల మధ్య గడిపి రాజలింగానికి చెవులు పోయాయి. ఆయనకు వినబడాలంటే మిగతావాళ్ళు ఆగి, ఒక్కరే గట్టిగా మాట్లాడాలి. అందుకని ఆ ఇంట్లో అన్నం దగ్గర ఏ మాటైనా చాటింపులాగే ఉంటుంది.

రాజలింగం మూల వైపు చూసి, అద్దాల డబ్బా ఖాళీగా ఉందేమిటని అడిగాడు.

"రొయ్యలు సచ్చినయి నాయినా," అని గట్టిగా చెప్పాడు స్వామి. "ఆ కాల్హేర్ నౌకరి ముచ్చట గూడ ఒడిసింది. ఇగ వద్దంటున్నది వనిత."

వనిత చేతిలో అన్నం గరిటె ఆగింది. తాను వద్దన్నట్టు ఆమెకే తెలియదు. రాజలింగం తల ఊపాడు. మంచిదే, ఎండలో అంత దూరం ఎవరు పోతారు అన్నాడు.

ఓదెమ్మ అన్నం కలుపుతూ, తన చేతి నీళ్ళు తాగి ఎంత బాగా ఆడాయో, ఆ సాయంత్రానికే జబ్బు ఎట్లా కమ్మిందో మొగుడికి చెప్పబోయి, ఆయనకు వినబడక, స్వామి వైపు తిరిగి చెప్పింది. స్వామి పళ్ళెంలోకి చూస్తూ విన్నాడు. తల్లి మాట అయిపోయాక గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే శుక్రవారం నేనే కుర్ల పోత," అన్నాడు. "ఈసారి పది గాదు, యాభై తెస్త. పెద్ద డబ్బా గూడ తెస్త. సాక్షీ, నువ్వు గూడ రా."

మనసులో నుంచే అన్నాడు. అది అతని మొహంలో కనబడుతోంది. తెచ్చి ఇస్తాడు, మోసుకొస్తాడు, గోడకు ఆనించి నిలబెడతాడు కూడా. ఈ ఇంట్లో, ఈ మూలలో, ఎన్ని కావాలంటే అన్ని పెంచుకోమంటాడు. గడప మాత్రం దాటొద్దంటాడు.

రోజూ అందరూ తిన్నాక తినే మనిషి, పళ్ళెం తెచ్చుకుని సాక్షి పక్కన కూర్చుంది. కూర వేసుకుంది. ఒక ముద్ద తిన్నది.

"తేకు," అంది. "ఈ ఇంట్ల ఇంక నేనేం పెంచ."

స్వామి ఏదో అనబోయాడు.

"నేను వద్దనలే. నిన్న మాట్లాడిన, రమ్మన్నరు. పొద్దున తొమ్మిదింటికి పోయి సాయంత్రం ఆరింటికొస్త. పొద్దటి వంట చేసి పోత. మిగిలింది మీరు చూసుకోవాలె."

ఓదెమ్మ చేయి గిన్నెలోనే ఉండిపోయింది. సాక్షి తండ్రిని చూసింది, తల్లిని చూసింది, ఫోన్‌ను బోర్లా పెట్టింది. కోడలి పెదవులు కదిలాయి కానీ మాట తనకు అందలేదని రాజలింగం, ఏమన్నదిరా అని కొడుకును అడిగాడు. స్వామి చెప్పలేదు. ముసలాయన మళ్ళీ అడిగాడు. స్వామి ఎముకను పళ్ళెం అంచున పెట్టి, మంచినీళ్ళ గ్లాసు ఎత్తి తాగుతూ ఉండిపోయాడు.

వనిత మామ వైపు తిరిగింది. ఆయన పెదవులు చూసి పట్టుకుంటాడని, తొందరపడకుండా, గొంతు పెంచి చెప్పింది.

"కాల్హేర్ల పనికి పోతున్న మామా. రేపటి సంది."